ఒకే పొడి, అనేక ప్రయోగశాలలు

ఒక ఘనపదార్థం లోపల పరమాణువులు ఏ క్రమంలో అమరి ఉన్నాయో తెలిస్తే తప్ప, అది విద్యుత్తును ఎందుకు ప్రసరింపజేస్తుందో, నీటిలో ఎందుకు త్వరగా కరుగుతుందో, వేడికి ఎందుకు రూపం మార్చుకుంటుందో కారణంతో సహా చెప్పడం సాధ్యం కాదు. ఆ అమరికను బయటపెట్టే సాధనాలలో వివర్తనానిది మొదటి స్థానం. పరమాణువుల మధ్య దూరాలతో పోల్చదగినంత చిన్న తరంగదైర్ఘ్యం గల ఎక్స్-కిరణాలను గాని న్యూట్రాన్లను గాని పదార్థం మీదికి పంపినప్పుడు, అవి పరమాణువుల వరుసల నుంచి చెదరి, కొన్ని దిశలలో ఒకదానినొకటి బలపరచుకొని, తక్కిన దిశలలో ఒకదానినొకటి రద్దు చేసుకోవడాన్నే వివర్తనం అంటారు. 1912లో మ్యూనిక్ నగరంలో మాక్స్ ఫాన్ లావే ఊహను ఫ్రీడ్రిష్, క్నిప్పింగ్ ప్రయోగంతో నిరూపించగా, ఆ వెంటనే ఇంగ్లండులో బ్రాగ్ తండ్రీకొడుకులు, బలమైన దిశల కోణాల నుంచి పరమాణు తలాల మధ్య దూరాన్ని లెక్కగట్టే సూత్రాన్ని ఆధారం చేసుకొని తొలి స్ఫటిక నిర్మాణాలను విప్పి చూపారు.

ఆ తొలి ప్రయోగాలకు చక్కగా పెరిగిన ఒంటరి స్ఫటికం కావలసి వచ్చేది. మనుషులు వాడే పదార్థాలలో అధికభాగం అలా దొరకవు; సిమెంటు, బంకమన్ను, మాత్రలోని మందు, బ్యాటరీలోని ఆక్సైడు, ఇనుముకు పట్టిన తుప్పు, ఇవన్నీ కంటికి కనిపించనంత చిన్న స్ఫటికాలు దిక్కుకొకటిగా కలిసి ఉన్న పొడులే. పొడిని పొడిగానే కొలిచే పద్ధతిని 1916లో గోటింగెన్‌లో పీటర్ డిబై, పాల్ షెరర్ కనుగొన్నారు. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ ప్రయోగశాలలో ఆల్బర్ట్ హల్ 1917లో అదే పద్ధతిని స్వతంత్రంగా ప్రకటించాడు. మొదటి ప్రపంచ యుద్ధం రెండు దేశాల పత్రికల రాకపోకలను తెంచివేసినందువల్ల ఒకరి పని మరొకరికి తెలియకుండానే ఈ రెండు ఆవిష్కరణలూ జరిగాయి. శాస్త్రజ్ఞుల మధ్య సంబంధం తెగితే ఒకే శ్రమ రెండుసార్లు పడవలసి వస్తుందన్న సంగతి ఈ కొలత పద్ధతి పుట్టుకలోనే కనిపిస్తుంది.

పొడి నుంచి వచ్చే వివర్తన చిత్రంలో ఒక చిక్కు ఉంది. ఒంటరి స్ఫటికం త్రిమితీయ ప్రదేశంలో వేలకొద్దీ విడివిడి చుక్కలను ఇస్తే, పొడిలోని స్ఫటికాలు అన్ని దిశలకూ తిరిగి ఉండటం వల్ల ఆ చుక్కలన్నీ ఒకే కోణపు అక్షం మీదికి కుదించుకుపోయి, కోణం పెరిగేకొద్దీ ఎత్తుపల్లాలుగా సాగే ఒక గీతగా మారతాయి. ఆ గీతలో లేచిన ప్రతి భాగాన్ని శిఖరం అంటారు. సరళమైన నిర్మాణాలలో శిఖరాలు దూరదూరంగా ఉంటాయి గనుక వాటి తీవ్రతను వేరువేరుగా కొలవవచ్చు. నిర్మాణం కాస్త సంక్లిష్టమైతే చాలు, పదిమంది ఒకేసారి మాట్లాడుతున్న గదిలో ఎవరి మాట ఏదో తేల్చుకోలేని స్థితి ఏర్పడుతుంది. అందువల్ల దాదాపు అర్ధ శతాబ్దం పాటు పొడి పద్ధతి నిర్మాణాన్ని కనుగొనే సాధనంగా ఎదగలేక, పదార్థాన్ని గుర్తుపట్టే సాధనంగానే మిగిలిపోయింది.

గుర్తుపట్టే పనిలో మాత్రం అది తొలినుంచీ పంచుకునే గుణాన్ని చూపింది. ప్రతి స్ఫటిక పదార్థానికీ తనదైన శిఖరాల వరుస ఉంటుంది గనుక, తెలిసిన పదార్థాల వరుసలన్నీ ఒకచోట ఉంటే తెలియని పొడిని వాటితో సరిపోల్చి పేరు చెప్పవచ్చు. మిషిగన్ రాష్ట్రంలోని డౌ కెమికల్ సంస్థలో పనిచేసిన హనవాల్ట్, రిన్, ఫ్రెవెల్ 1938లో వెయ్యి పదార్థాల శిఖరాల పట్టికను, మూడు బలమైన శిఖరాల ఆధారంగా వెతికే ఉపాయాన్ని ప్రచురించారు. ఒక వాణిజ్య సంస్థ తన సొంత అవసరానికి కూడబెట్టిన ఇంతటి సమాచారాన్ని పోటీదారులు కూడా చదివే పత్రికలో పెట్టడం చిన్న విషయం కాదు. దాని ఆధారంగా 1941లో అమెరికాలో ఏర్పడిన సంయుక్త సంఘం కార్డుల రూపంలో ఆ పట్టికలను పెంచుతూ పోయి, 1978 నుంచి అంతర్జాతీయ వివర్తన దత్తాంశ కేంద్రం అన్న పేరుతో కొనసాగుతున్నది.

నిర్మాణాన్ని కనుగొనే విషయంలో అడ్డుగోడ నెదర్లాండ్స్ సముద్రతీరంలోని పెట్టెన్ అనే చిన్న ఊరి అణు పరిశోధన కేంద్రంలో కూలింది. హేగ్‌లో పుట్టి, ఆస్ట్రేలియాలో చదువుకొని, 1964లో ఆ కేంద్రంలో చేరిన హ్యూగో రీట్‌వెల్డ్, సహోద్యోగులు లోప్‌స్ట్రా, వాన్ లార్‌లతో కలిసి యురేనియం లవణాల నిర్మాణాలను రియాక్టర్ నుంచి వచ్చే న్యూట్రాన్లతో పరిశీలించేవాడు. బరువైన యురేనియం పక్కన ఉన్న తేలికపాటి ఆక్సిజన్‌ను ఎక్స్-కిరణాలు సరిగా పట్టుకోలేవు. అవి ఎలక్ట్రాన్ల సంఖ్యను బట్టి చెదురుతాయి. న్యూట్రాన్లు పరమాణు కేంద్రకాన్ని బట్టి చెదురుతాయి గనుక ఆక్సిజన్ కూడా స్పష్టంగా కనిపిస్తుంది. అయితే కలిసిపోయిన శిఖరాలను విడదీయడం ఎలా అన్న పాత ప్రశ్న అక్కడా ఎదురైంది. విడదీయనవసరమే లేదన్నది దానికి దొరికిన జవాబు. పరమాణువుల స్థానాలు, అమరికలో పదేపదే పునరావృతమయ్యే ప్రాథమిక గడి కొలతలు, శిఖరాల ఆకారం, పరికరం గుణాలు, ఇవన్నీ ఊహించి, గీత మీది ప్రతి బిందువు దగ్గరా ఎంత తీవ్రత రావాలో లెక్కగట్టి, కొలిచిన గీతతో పోల్చి, తేడాల వర్గాల మొత్తం కనిష్ఠమయ్యే వరకు ఊహించిన విలువలను కొద్దికొద్దిగా సవరిస్తూ పోవడమే ఆ పద్ధతి. దీనికి పూర్ణరేఖా శోధన అన్న వివరణ సరిపోతుంది గాని, లోకం దానిని రీట్‌వెల్డ్ పద్ధతి అనే పిలుస్తున్నది.

1966లో మాస్కోలో జరిగిన అంతర్జాతీయ స్ఫటిక శాస్త్ర మహాసభలో ఈ ఆలోచనను వినిపించినప్పుడు స్పందన దాదాపు లేదని రీట్‌వెల్డ్ స్వయంగా రాశాడు. 1969లో పద్ధతిని పూర్తిగా వివరించే వ్యాసం వెలువడిన తరువాతే ఇతరులు ఆసక్తి చూపారు. ఆ ఆసక్తిని నిలబెట్టింది వ్యాసం ఒక్కటే కాదు. ఆల్గోల్ భాషలో రాసిన కంప్యూటర్ ప్రోగ్రామును ఎక్కువ దేశాలలో వాడే ఫోర్ట్రాన్ భాషలోకి మార్చి, అడిగిన ప్రయోగశాలలకు ఆయన ఉచితంగా పంపాడు. అలా 27 ప్రతులు ప్రపంచమంతటికీ వెళ్ళాయి. అంతటి లెక్కను చేతితో చేయడం అసాధ్యమైన ఆ కాలంలో, ప్రోగ్రామును తన దగ్గరే ఉంచుకొని, వచ్చిన ప్రతి నమూనాకూ సహరచయితగా పేరు చేర్చుకునే వీలు ఆయనకు ఉంది. ఆయన ఆ దారి పట్టలేదు. 1970లలో పరిశోధన నుంచి తప్పుకొని అదే కేంద్రంలో గ్రంథాలయ బాధ్యతలు చేపట్టిన ఆయనకు, 1995లో స్వీడన్ రాయల్ అకాడమీ ఇచ్చిన అమినోఫ్ బహుమతి నాటికి, ఆ ప్రోగ్రాము సంతతి అనేక దేశాలలో పనిచేస్తున్నది. ఘనత ఒక్కరికే దక్కడం న్యాయమా అన్న ప్రశ్న కూడా ఈ సమాజంలో అణగిపోలేదు. లోప్‌స్ట్రాకూ వాన్ లార్‌కూ ఆ ఆలోచనలో వాటా ఉందని వివరిస్తూ వాన్ లార్, షెంక్ రాసిన వ్యాసాన్ని 2018లో స్ఫటిక శాస్త్రపు ప్రధాన పత్రికే ప్రచురించింది.

1977లో పద్ధతి ఎక్స్-కిరణాలకు కూడా విస్తరించింది. ఎక్స్-కిరణ పరికరం దాదాపు ప్రతి విశ్వవిద్యాలయంలోనూ ఉండటం వల్ల వాడేవారి సంఖ్య పెరిగింది. అదే సమయంలో ప్రమాదమూ పెరిగింది. న్యూట్రాన్ శిఖరాల ఆకారం సాదాగా ఉంటే, ఎక్స్-కిరణ శిఖరాల ఆకారం పరికరాన్ని బట్టి, స్ఫటిక పరిమాణాన్ని బట్టి మారుతుంది. సవరించగల విలువలు ఎక్కువగా ఉన్న ఏ లెక్కనైనా కొలిచిన గీతకు దగ్గరగా తీసుకురావడం కష్టం కాదు. గీతలు కలిసినంత మాత్రాన నిర్మాణం నిజమని చెప్పలేం. ఒకే పదార్థానికి వేరువేరు ప్రయోగశాలలు వేరువేరు జవాబులు ఇస్తుంటే ఎవరిని నమ్మాలి? ఈ ప్రశ్నకు ఏ ఒక్క మేధావీ తన గదిలో కూర్చొని సమాధానం చెప్పలేడు. దానికి సంస్థ కావాలి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన వెంటనే, 1946లో లండన్‌లో, యుద్ధం చీల్చిన దేశాల స్ఫటిక శాస్త్రజ్ఞులను తిరిగి కలపడానికి బీజం పడిన అంతర్జాతీయ స్ఫటిక శాస్త్ర సమాఖ్య, 1987లో ఆస్ట్రేలియాలోని పెర్త్ మహాసభలో పొడి వివర్తనానికి ప్రత్యేక సంఘాన్ని నియమించింది. ఆ సంఘం 1989లో పెట్టెన్‌లోనే ఒక కార్యశాల జరిపింది. దాని ఫలితంగా రే యంగ్ సంపాదకత్వంలో 1993లో వెలువడిన గ్రంథం ఒక తరం పరిశోధకులకు పాఠ్యపుస్తకమైంది.

సంఘం చేసిన పనులన్నిటిలో అత్యంత విలువైనది, ధైర్యం కావలసినది, రౌండ్ రాబిన్ పరీక్ష. ఒకే నమూనాను గాని ఒకే దత్తాంశాన్ని గాని అనేక ప్రయోగశాలలకు పంపి, ఎవరికి వారు స్వతంత్రంగా తేల్చిన జవాబులను ఒకచోట చేర్చి పోల్చడాన్ని ఆ పేరుతో పిలుస్తారు. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త ఆర్. జె. హిల్ నడిపిన మొదటి పరీక్ష ఫలితాలు 1992లో వెలువడ్డాయి. సీసపు సల్ఫేట్ పొడి నుంచి సేకరించిన రెండు దత్తాంశాలను, ఒకటి సాధారణ ఎక్స్-కిరణ పరికరంతో, మరొకటి ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ న్యూట్రాన్ కేంద్రంలో కొలిచినవాటిని, ఇరవై మందికి పైగా నిపుణులు తమకు అలవాటైన ప్రోగ్రాములతో శోధించారు. ఇన్‌పుట్ ఒకటే గనుక జవాబులలో వచ్చే ప్రతి తేడా మనిషి నిర్ణయం నుంచో ప్రోగ్రాము నుంచో పుట్టవలసిందే. సీసం వంటి బరువైన పరమాణువు స్థానం విషయంలో అందరూ దాదాపు ఏకమయ్యారు. ఆక్సిజన్ స్థానాలు, పరమాణువుల కంపన విస్తృతి వచ్చేసరికి ఎక్స్-కిరణ ఫలితాలు చెల్లాచెదురయ్యాయి. న్యూట్రాన్ ఫలితాలు అంతకన్నా దగ్గరగా నిలిచాయి. శిఖరాల కింద ఉండే నేపథ్య తీవ్రతను ఎలా గీశారు, శిఖరపు అంచులను ఎంత దూరం దాకా లెక్కలోకి తీసుకున్నారు, ఏ ఆకార సూత్రాన్ని ఎన్నుకున్నారు అన్న చిన్న నిర్ణయాలే పెద్ద తేడాలకు మూలమని తేలింది. రెండో పరీక్షలో హిల్, లాక్లన్ క్రాన్స్‌విక్ దత్తాంశానికి బదులు జిర్కోనియం ఆక్సైడు పొడినే పంపారు గనుక పరికరాల లోపాలు కూడా వెలుగులోకి వచ్చాయి.

ఒక పొడిలో ఏయే పదార్థాలు ఎంత శాతం ఉన్నాయో తేల్చడానికి కూడా ఇదే పద్ధతిని వాడతారు. ఈ సామర్థ్యాన్ని పరీక్షించడానికి ఇయాన్ మాడ్సెన్, నికోలా స్కార్లెట్ నడిపిన రౌండ్ రాబిన్ ఫలితాలు 2001, 2002 సంవత్సరాలలో వచ్చాయి. కోరండం, ఫ్లోరైట్, జింకైట్ అనే మూడు ఖనిజాలను తెలిసిన పాళ్ళలో ఎనిమిది రకాలుగా కలిపి పంపారు. కొన్ని మిశ్రమాలలో ఒక ఖనిజం ఒక్క శాతానికి అటూ ఇటూగా మాత్రమే ఉండేది. ఇలాంటి సులువైన నమూనాలలో కూడా కొందరి ఫలితాలు నిజానికి చాలా దూరంగా రావడం కలవరపరిచింది. మరో నమూనాలో కోరండం, మాగ్నెటైట్, జిర్కాన్ ఉన్నాయి. మాగ్నెటైట్‌లోని ఇనుము రాగి గొట్టం నుంచి వచ్చే ఎక్స్-కిరణాలను గట్టిగా పీల్చుకుంటుంది. దాని రేణువులు ముతకగా ఉంటే లోపలి భాగం కిరణాలకు అందక, ఆ ఖనిజం ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. దీనికి పుస్తకాలలో ఒక సవరణ సూత్రం ఉంది గాని, రేణువుల పరిమాణం సరిగా తెలియకుండా దానిని వాడితే మేలుకన్నా కీడే ఎక్కువని ఈ పరీక్ష బయటపెట్టింది. తప్పులకు ఎక్కువగా కారణం పరికరం కాదని, నడిపే మనిషి శిక్షణ లోపమని నిర్వాహకులు దాపరికం లేకుండా చెప్పారు. ఒక విద్యలో అగ్రగణ్యులుగా పేరున్నవారు తమ తప్పుల పట్టికను తామే ముద్రించుకోవడం అరుదైన విషయం. ఆ పద్ధతి మీద ఇతరులకు నమ్మకం కుదరడానికి అంతకన్నా గట్టి ఆధారం కనిపించదు. బంకమన్ను ఖనిజాల నిపుణులు 2002 నుంచి రెండేళ్ళకొకసారి రేనాల్డ్స్ కప్ పేరుతో ఇలాంటి పోటీనే జరుపుతున్నారు. గెలిచినవారు మరుసటి పోటీకి నమూనాలు తయారు చేసే భారాన్ని మోయాలి.

తప్పు ఎక్కడుందో తెలిసిన తరువాత దిద్దుబాటుకు దారులు తెరుచుకున్నాయి. మక్‌కస్కర్, ఫాన్ డ్రీలే, కాక్స్, లూయెర్, స్కార్డి అనే ఐదుగురు, స్విట్జర్లాండ్, అమెరికా, ఫ్రాన్స్, ఇటలీ దేశాలలో పనిచేసేవారు, 1999లో సంఘం తరఫున రాసిన మార్గదర్శకాలు దత్తాంశ సేకరణ నుంచి ఫలితం ప్రకటించడం వరకు ప్రతి మెట్టునూ వివరించాయి. పరికరం కోణాలను సరిచూసుకోవడానికి అమెరికా ప్రమాణాల సంస్థ తయారు చేసే సిలికాన్ పొడి, లాంథనం హెక్సాబోరైడ్ పొడి ప్రపంచమంతటా సాధారణ కొలబద్దలయ్యాయి. సమాఖ్య ఆమోదించిన స్ఫటిక సమాచార ఫైలు, ఒక ప్రయోగశాల రాసిన నిర్మాణాన్ని మరొక ప్రయోగశాల కంప్యూటర్ నేరుగా చదివి, లెక్కలోని పొరపాట్లను దానంతట అదే పట్టుకునే వీలు కల్పించింది. ఇవి పేరు తెచ్చే పనులు కావు. ఇవి లేకపోతే పేరు తెచ్చే పనులు నిలబడవు.

ఇంతటి పునాది ఎందుకు అవసరమో 1987 ఒక్కటే చాలు చెప్పడానికి. సుమారు 93 కెల్విన్ల దగ్గర, అంటే ద్రవ నైట్రోజన్‌తో అందుకోగల చలిలో, నిరోధం లేకుండా విద్యుత్తును మోసే యిట్రియం బేరియం రాగి ఆక్సైడు ఆ ఏడాది తొలినాళ్ళలో ప్రకటితమైంది. దాని గుణం ఆక్సిజన్ పరమాణువులు ఎక్కడ ఉన్నాయి, ఎన్ని లోపించాయి అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. బరువైన బేరియం పక్కన ఆ ఆక్సిజన్‌ను ఎక్స్-కిరణాలు తేల్చలేకపోయాయి. అమెరికాలోని ఆర్గాన్, ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్, ఇంగ్లండులోని రూథర్‌ఫర్డ్ ప్రయోగశాలతో సహా పలు కేంద్రాలు న్యూట్రాన్ పొడి వివర్తనంతో అదే ఏడాది ఆక్సిజన్ స్థానాలను తేల్చి, ఒకరి ఫలితాన్ని మరొకరు ధ్రువపరచుకున్నారు.

ప్రోగ్రాములను ఉచితంగా పంచే సంప్రదాయం పెట్టెన్‌తో ఆగలేదు. లాస్ అలమోస్‌లో లార్సన్, ఫాన్ డ్రీలే రాసిన జీశాస్, ఫ్రాన్స్‌లో హువాన్ రోడ్రిగెజ్ కర్వహాల్ రాసిన ఫుల్‌ప్రాఫ్, జపాన్‌లో ఫుజియో ఇజుమి రాసిన రీటాన్ ఈ కోవలోనివే. వీటిని వెతికి, కూర్చి, ఎలా వాడాలో పాఠాలు రాసి అందించే భారాన్ని బ్రిటన్‌లోని సీసీపీ-14 పథకంలో క్రాన్స్‌విక్ తలకెత్తుకున్నాడు. డబ్బు పెట్టి ప్రోగ్రాములు కొనలేని దేశాల విద్యార్థులకు సీడీలలో నింపి పంపేవాడు. 2010లో ఆయన అకాల మరణం ఈ రంగానికి తీరని లోటు. పదార్థాల శిఖరాల పట్టికల విషయంలో మాత్రం ఇంతటి ఉదారత కనిపించదు. అంతర్జాతీయ వివర్తన దత్తాంశ కేంద్రం లాభాపేక్ష లేని సంస్థే అయినా, దత్తాంశాలను పరిశీలించి సరిచేసే ఖర్చు కోసం చందా తీసుకుంటుంది. ఆ చందా చిన్న కళాశాలలకు భారమే. 2003లో మొదలై, లిథువేనియా రాజధాని విల్నియస్ నుంచి నడుస్తున్న బహిరంగ స్ఫటిక శాస్త్ర దత్తాంశ నిధి ఆ లోటును కొంత తీర్చింది.

తెలుగు నేలకు ఈ విద్యతో సంబంధం కొత్తది కాదు. వాల్తేరులో సూరి భగవంతం, వెంకటరాయుడు స్ఫటికాల సౌష్ఠవానికి గణితంలోని సమూహ సిద్ధాంతాన్ని అన్వయిస్తూ రాసిన గ్రంథాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయం 1948లో ప్రచురించింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో మూడు దశాబ్దాలు పనిచేసిన గౌతమ్ దేశిరాజు 2011 నుంచి 2014 వరకు అంతర్జాతీయ సమాఖ్యకు అధ్యక్షుడిగా ఉన్నారు. ఆ సమాఖ్య 24వ మహాసభ 2017 ఆగస్టు 21 నుంచి 28 వరకు హైదరాబాద్‌లో జరిగింది. మన దేశంలో ఆ మహాసభ జరగడం అదే మొదటిసారి. ఔషధాల తయారీకి కేంద్రమైన ఆ నగరానికి పొడి వివర్తనం నిత్యావసరం. ఒకే అణువు రెండు మూడు రకాల స్ఫటికాలుగా పేరుకోగలదు. ఒక రూపం కరిగినట్టు మరొకటి కరగదు. హెచ్ఐవీ చికిత్సలో వాడే రిటోనవిర్ మందులో 1998లో అనుకోకుండా తక్కువ కరిగే కొత్త రూపం తలెత్తి, గొట్టం మాత్రలను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవలసి వచ్చింది. అలాంటి రూపాన్ని ముందుగా పట్టుకోవడానికి పరిశ్రమ ఆధారపడేది ఈ శిఖరాల గీత మీదనే.

పరికరాలకు మన విశ్వవిద్యాలయాలలో కొరత తగ్గింది. కొలిచిన గీతను సిద్ధాంత వ్యాసంలో బొమ్మగా అచ్చువేసి, షెరర్ 1918లో ఇచ్చిన సూత్రంతో, పరికరం వల్ల కలిగే వెడల్పును తీసివేయకుండానే, స్ఫటిక పరిమాణాన్ని లెక్కగట్టి ముగించే అలవాటు మాత్రం ఇంకా పోలేదు. అసలు దత్తాంశాన్ని వ్యాసంతో పాటు బయటపెట్టడం, ప్రమాణ పొడితో పరికరాన్ని సరిచూడటం, రేనాల్డ్స్ కప్ వంటి పోటీలలో పేరు నమోదు చేసుకోవడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. హిల్ పంపిన సీసపు సల్ఫేట్ దత్తాంశం నేటికీ ఫుల్‌ప్రాఫ్, జీశాస్ ప్రోగ్రాముల అభ్యాస పాఠాలలో ఉచితంగా దొరుకుతున్నది. పరిశోధనలో చేరిన ప్రతి విద్యార్థి చేతా ముందుగా దానిని శోధింపజేసి, వచ్చిన ఆక్సిజన్ స్థానాలను 1992 నివేదికలోని సంఖ్యల పక్కన పెట్టి చూపించే పనిని మన భౌతిక, రసాయన శాస్త్ర శాఖల ఆచార్యులు ఈ విద్యాసంవత్సరం నుంచే మొదలుపెట్టాలి.